చందమామ బొమ్మలే నా డిజైన్ క్లాస్

తిరువూరు నుంచి మాట్లాడుతున్నాను. పోయిన నెల బొమ్మలు వేయడం మానేద్దామనుకున్నా. ఫోన్లో డిజైన్ టాక్స్ ఎన్ని చూసినా చెయ్యి కదల్లేదు. అప్పుడే అమ్మమ్మ ట్రంకుపెట్టెలో పాత చందమామలు దొరికాయి.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక అది. అందులో చేరిన చిత్రకారుడు శంకర్ గారు. ఆయన బేతాళ కథ బొమ్మ గుర్తుందా? విక్రమార్కుడి భుజాన శవం, చేతిలో కత్తి. చదవడం రాని పిల్లాడు కూడా ఏ కథో చెప్పేస్తాడు. టాక్స్‌లో చెప్పేదీ అదే కదా, చూడగానే అర్థం కావాలని!

శంకర్ గారికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. అప్పటికే ఆయన లేరు. గుర్తింపు వచ్చాకే గీద్దామని ఆయన కూర్చుని ఉంటే, ఆ బేతాళుడు మనకి దక్కేవాడా?

నేను మళ్లీ పెన్సిల్ పట్టాను. మీ అటక మీద కూడా ఓసారి వెతకండి.