నడివయస్సు దాటినవారి మారథాను

పుదుచ్చేరి నగరమున సముద్రపుటొడ్డుననున్న గోబేర్ వీథిలో సాయంకాలము ఆరుగంటలు మొదలు మరునాటి ఉదయము ఏడున్నర వరకు వాహనములకు ప్రవేశము లేదు. కావున వేకువజామున ఆ దారియంతయు నడచువారిదియు, పరుగెత్తువారిదియు నగును. ఉత్తరమున జాలరుల పేటయైన కురుచికుప్పము వైపునుండి గాంధీ మహాత్ముని విగ్రహము దాటి దక్షిణమునకు సాగిపోవు ఈ పరుగువాండ్రను పరికించినచో అందు కుర్రవాండ్రే కాక తల నెరసినవారును, మనుమల నెత్తుకొను వయస్సువారును కనబడుదురు. వీరిలో కొందరు ఇరువదియారు మైళ్లకు పైబడిన మారథాను పరుగునకు సిద్ధపడుచున్నారన్న నేడెవ్వరును ఆశ్చర్యపడరు. అరువదియేండ్ల క్రిందట ఈ మాట చెప్పియున్నచో ఇంటివారు వైద్యునికి కబురంపియుందురు. ఈ మార్పు ఎట్లు వచ్చినదో విచారింపదగియున్నది. దీనిని తెచ్చినవారు క్రీడాసంఘముల అధికారులు కారు, వైద్యులలో పెక్కురును కారు. సామాన్యులు ముందు పరుగెత్తిరి. శాస్త్రము వెనుక వచ్చినది.

ఈ పందెమును పుట్టుకనుండియు మరణభయ మంటియున్నది. క్రీస్తుపూర్వము 490లో మారథాను మైదానమున పారసీకులను జయించిన వార్తను ఏథెన్సునకు కొనివచ్చిన గ్రీకు వార్తాహరుడు అది చెప్పినవెంటనే నేలకొరిగెనను కథ అందరెరిగినదే. కాని ఆ కాలమునకు సమీపముననున్న హెరొడోటసు వ్రాసినది వేరు. అతడు చెప్పిన వార్తాహరుడు యుద్ధమునకు ముందు సాయము కోరుటకై ఏథెన్సునుండి స్పార్టాకు, అనగా నూటయేబది మైళ్ల దూరము, పరుగెత్తి మరునాడే చేరెను, చావలేదు. చచ్చినవాని కథ కొన్ని శతాబ్దముల తరువాత ప్లూటార్కు, లూసియనుల వ్రాతలలో కనబడును. మన తపాలా బంట్రోతుల వంటి ఆ గ్రీకు వార్తాహరులకు దూరపు పరుగు నిత్యకృత్యము. అయినను లోకము చచ్చినవానినే జ్ఞాపకముంచుకొన్నది!

1896లో ఏథెన్సునందు ఒలింపిక్సు క్రీడలను పునరుద్ధరించినపుడు మిషెల్ బ్రెయాల్ అను ఫ్రెంచి భాషాశాస్త్రజ్ఞుని సూచనపై ఈ పరుగును చేర్చిరి. దాదాపు నలువది కిలోమీటర్ల ఆ దూరమును 2 గంటల 58 నిమిషముల 50 సెకండ్లలో ముగించి గెలిచినవాడు స్పిరిడోన్ లూయిస్. నీళ్లు మోయువాడు, ఇరువదిమూడేండ్ల ప్రాయమువాడు. నేటి 42.195 కిలోమీటర్ల కొలత 1908 లండను క్రీడలలో విండ్సరు కోటనుండి రాజకుటుంబపు ఆసనముల ఎదుటివరకు వేసిన దారినిబట్టి ఏర్పడినది. 1921లో అదియే స్థిరపడినది. దొరల సౌకర్యమునకై కలిపిన గజములను లోకమంతయు నేటికిని పరుగెత్తుచున్నది.

వయస్సు పైబడినవానికి ఈ పరుగు తగదను నమ్మకమును మొదట కదలించినవాడు అమెరికాలో అచ్చుపని వృత్తిగాగల క్లారెన్సు డిమారు. 1911లో బోస్టను మారథాను నాడు వైద్యులు అతని గుండెచప్పుడు విని, లోపమున్నది, ఒకటి రెండేండ్లలో పరుగు మానుమనిరి. ఆనాడే అతడు గెలిచెను. తరువాత కొంతకాలము ఆ పందెమునకు దూరముగానుండి తిరిగివచ్చి మరియారుమార్లు గెలిచెను. 1930లో కడపటిసారి గెలిచినపుడు అతనికి నలువదియొక్క యేండ్లు. అంతటితో విడువక 1954లో అరువదియైదవ యేట గూడ అదే దారిని పరుగెత్తెను. ఆనాటికి మన కేంద్రప్రభుత్వోద్యోగి ఏబదియైదేండ్లకే ఇంటికి పోవలసినవాడని మన పాఠకులు గుర్తింపవచ్చును. విశ్రాంతివయస్సు ఏబదియెనిమిదైనది 1962లో, అరువదియైనది 1998లో. డిమారు 1958లో పుట్టకురుపు వ్యాధితో చనిపోయినపిమ్మట వైద్యులు అతని హృదయమును పరీక్షించి 1961లో ఫలితమును ప్రకటించిరి. గుండెకు రక్తమును కొనిపోవు నాళములు సామాన్యులకుండు వానికంటె రెండు మూడురెట్లు వెడల్పుగా నుండెను. ఏ గుండెను గూర్చి పరుగు మానుమనిరో ఆ గుండెయే సాక్ష్యము చెప్పెను.

అయినను డిమారు యౌవనముననే పరుగునకు దిగినవాడు. నడివయస్సున క్రొత్తగా మొదలుపెట్టుట అనునది న్యూజిలాండునుండి వచ్చినది. జోళ్ల కర్మాగారమున పనిచేసిన ఆర్థరు లిడియార్డు ఒలింపిక్సు విజేతలకు గురువై ప్రసిద్ధి కెక్కెను. అంతకంటె గొప్ప పనిగా నాకు తోచునది వేరొకటి. 1960 ప్రాంతముల ఆక్లండు నగరమున గుండెజబ్బు తగిలిన వ్యాపారస్థులను, ఉద్యోగులను చేరదీసి, మాటలాడుకొనుచు పరుగెత్తగల మెల్లని వేగమున వారిచే పరుగెత్తించెను. ఊపిరాడక మాట ఆగినచో వేగము తగ్గింపవలెను, ఇంతే సూత్రము. 1962 చివర అమెరికాలోని ఒరెగాను విశ్వవిద్యాలయపు శిక్షకుడు బిల్ బవర్మను అచ్చటికి పోయెను. ఏబదియొక్క యేండ్ల ఆయన వారితో పరుగునకు దిగి వెనుకబడగా, డెబ్బది దాటిన వృద్ధుడొకడు, అందును గుండెపోటు నెరిగినవాడు, ఆయనకు తోడుగా మెల్లగా పరుగెత్తుచు మాటలు చెప్పెనట. బవర్మను స్వదేశమునకు పోయి ఊరి జనులను కూడగట్టెను. మరికొన్ని యేండ్లకు ఒక హృద్రోగ వైద్యునితో కలిసి వ్రాసిన పుస్తకము అమెరికాయంతట వ్యాపించినది. 1970లో న్యూయార్కు మారథాను ఒక ఉద్యానవనములో 127 మందితో మొదలైనది; ముగించినవారు 55 మంది. 1976లో అది నగరపు వీథులలోనికి వచ్చినది.

స్త్రీల విషయమున అడ్డంకి మరింత గట్టిది. 1928లో ఎనిమిదివందల మీటర్ల పరుగు వారికి హాని యని తలచి తీసివేసిన ఒలింపిక్సు అధికారులు దానిని 1960లోగాని తిరిగి చేర్పలేదు. బోస్టను మారథాను స్త్రీల నంగీకరించినది 1972లో; ఒలింపిక్సు వారికి మారథాను నిచ్చినది 1984లో. ఆ యేటి అమెరికా అర్హత పందెములో పాల్గొన్న వారిలో మారియన్ ఇర్విన్ అను క్రైస్తవ సన్యాసిని యొకతె. పొగత్రాగు అలవాటుగల యీమె నలువదియెనిమిదవ యేట సోదరపుత్రిక ప్రోత్సాహముచే మొదటిసారి పరుగునకు దిగి, ఏబదినాలుగవ యేట మారథానును 2 గంటల 51 నిమిషములలో ముగించెను. 2003లో కెనడాయందు ఎడ్ విట్లాక్ చూపినది ఇంకను విశేషము. నలువదులలో తిరిగి పరుగు పట్టిన ఆ మైనింగు ఇంజనీరు డెబ్బదిరెండవ యేట 2 గంటల 59 నిమిషముల 10 సెకండ్లలో గమ్యము చేరెను. తొలి ఒలింపిక్సు విజేతయైన ఇరువదిమూడేండ్ల యువకునికంటె ఇరువది సెకండ్లు మాత్రమే హెచ్చు. దూరము రెండు కిలోమీటర్లు అధికము.

ఈ గాలి మన తీరమునకు పడమటినుండియే వచ్చినదనుకొనుట సరికాదు. పుదుచ్చేరి శ్రీ అరవిందాశ్రమమున 1943 డిసెంబరు 2న పాఠశాల వెలసినది. పిల్లలకై ఏర్పడిన వ్యాయామశిక్షణలో క్రమముగా పెద్దలును చేరిరి. 1878లో పారిసునందు జన్మించిన శ్రీమాత డెబ్బదియవ పడిలో నిత్యము టెన్నిసు ఆడుచు, ఎనుబదియవ యేటి వరకు మానలేదు. అలీపూరు బాంబు కేసులో ఏడాది కారాగారముననుండి విడుదలయైన నళినీకాంత గుప్తగారు అరువది దాటిన పిమ్మట ఆశ్రమపు పరుగుపందెములలో దిగిరి. 1949 ఫిబ్రవరిలో ఆశ్రమ వ్యాయామ పత్రిక మొదలుకాగా శ్రీ అరవిందులే శరీర పరిపూర్ణతను గూర్చి దానికి వ్యాసములు వ్రాసిరి. శరీరమును జయింపవలసిన శత్రువుగా గాక సాధనలో భాగముగా చూచుట ఇందలి మర్మము. షష్టిపూర్తి కాగానే పడకకుర్చీ సిద్ధపరచు మన ఇండ్లలో ఈ దృష్టి యింకను ప్రవేశింపవలసియున్నది. ఇవి మారథానులు కావు. కాని దానికి కావలసిన మనస్సు అచ్చట ముందే యున్నది. 1968లో స్థాపితమైన సమీపపు ఆరోవిల్లులో 2008నుండి మారథాను జరుగుచు వచ్చినది. ఎర్రమట్టి బాటలలో, చెట్లనీడల, గెలుపోటములకంటె పరుగులోని ఆనందమే ప్రధానమని నడిచిన పందెమది. హైదరాబాదున హుస్సేనుసాగరపు ఒడ్డున, విశాఖపట్నమున నావికాదళమువారి ఆధ్వర్యమున జరిగిన మారథానులు తెలుగువారిని ఈ దారికి తెచ్చినవి. విశాఖయందే విశ్రాంత నావికాధికారి కమాండరు శ్రీరాములుగారు తొంబది దాటిన వయస్సున వృద్ధుల క్రీడాపోటీలలో పాల్గొని పేరుపొందిరి.

వయస్సు మాట వచ్చినపుడు కచేరీవారమైన మనకు ఫౌజాసింగు కథ ప్రత్యేకముగా రుచించును. జలంధరు సమీపగ్రామపు రైతైన ఆయన కన్నకొడుకు కన్నులయెదుట చనిపోగా దుఃఖము మరచుటకు పరుగు పట్టి, ఇంగ్లండులో కాపురముండగా 2000లో లండను మారథానును ఎనుబదితొమ్మిదవ యేట ముగించెను. 2011 అక్టోబరులో టొరాంటోయందు నూరేండ్లవాడుగా ఎనిమిది గంటలకు పైగా పరుగెత్తి గమ్యము చేరెను. గిన్నిసువారు మాత్రము జనన ధ్రువపత్రము చూపుమనిరి. పాస్‌పోర్టులో 1911 ఏప్రిల్ 1 అని యున్నది. బ్రిటిషు రాణి నూరేండ్ల శుభాకాంక్షలు పంపినది. 1911లో ఆ ప్రాంతమున జననముల నమోదు లేదని మన అధికారులు తెలిపిరి. అయినను కాగితము లేనిదే రికార్డు లేదనిరి! సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీని దిద్దించుకొనుటకు తిరిగినవారికి ఇందలి బాధ తెలియును. గిన్నిసువారి యెడల కోపింప నాకు మనసొప్పదు. మన మయినను అదే వ్రాయుదుము. 2025 జూలై 14న స్వగ్రామమున రోడ్డు దాటుచుండగా మోటారు ఢీకొని ఆయన మరణించెను. మరునాటి పత్రికలన్నియు ఏ ధ్రువపత్రమును అడుగక, నూటపదునాలుగేండ్ల వృద్ధుడని వ్రాసినవి.