తీగెను ఎన్నుకొనుట ఎట్లు? విద్యుత్ వాద్యాల తంత్రుల కథ

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు నేడు తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నిలయాలు. అక్కడి ధ్వనిముద్రణశాలలలో విద్యుత్ గిటారు వాయించే కళాకారుడు తన వాద్యానికి తగిన తీగెలను ఎంతో జాగ్రత్తగా ఎన్నుకొంటాడు. తీగె ఇంపుగా పలకవలెను, చాలాకాలం మన్నవలెను, ఒకసారి కలిపిన శ్రుతి చెదరక నిలవవలెను. ఈ మూడు గుణాలూ ఒకే తీగెలో నిండుగా దొరకవు. ఒకదానిని పెంచుకొంటే మరొకటి కొంత తగ్గుతుంది. ఇది ఎందుచేత? దీనికి సమాధానం దాదాపు నాలుగు శతాబ్దాల శాస్త్ర చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం మన పాలకొల్లు బాలుని చేతిమీదుగా నడిచినది.

ఫ్రాన్సు దేశపు మతాచార్యుడు మారిన్ మెర్సెన్ 1636లో ప్రచురించిన సంగీతశాస్త్ర గ్రంథంలో తంత్రుల నియమాలను స్పష్టంగా చెప్పినాడు. తీగె పొడవును సగం చేస్తే సెకనుకు దాని కంపనాల సంఖ్య రెండింతలవుతుంది. పొడవు మార్చక బిగువును నాలుగింతలు చేసినా అదే ఫలితం. అట్లు కాక మీటరు పొడవు తీగెకు గల బరువును నాలుగింతలు చేస్తే కంపనాలు సగానికి తగ్గుతాయి. మన ఉన్నత పాఠశాలల ప్రయోగశాలలలో సోనోమీటరుపై విద్యార్థులు చేసే ప్రయోగం ఇదే. గిటారు అంటే ఆరు తీగెల సోనోమీటరు అనుకొంటే తప్పులేదు.

ఒక లెక్క చూద్దాము. సాధారణంగా కనిపించే ఒక రకం విద్యుత్ గిటారులో తీగె కంపించే పొడవు 648 మిల్లీమీటర్లు. అన్నింటికంటె సన్నని మొదటి తీగె సెకనుకు సుమారు 330 కంపనాలు చేయవలెను. వాద్యకారులు తీగె మందాన్ని అంగుళంలో వేయవ వంతులతో లెక్కించి 'తొమ్మిది', 'పది' అని పిలుస్తారు. 'తొమ్మిది' అంటే సుమారు 0.23 మిల్లీమీటర్లు. అంతటి ఉక్కు తీగెను ఆ శ్రుతికి తేవలెనంటే 6 కిలోగ్రాముల బరువు వేలాడదీసినంత బిగువు కావలెను. 'పది' తీగెకు సుమారు 7.4 కిలోగ్రాములు కావలెను. మందం కొద్దిగా పెరిగితే వ్రేలిపై భారం దాదాపు నాలుగవ వంతు పెరిగినదన్నమాట.

దళసరి తీగె వేస్తే శ్రుతి చేసేటప్పుడు తెగదని కొందరనుకొంటారు. అది సరికాదు. తీగె లావైనకొద్దీ కావలసిన బిగువు కూడ అదే నిష్పత్తిలో పెరుగుతుంది. కాబట్టి ఒకే పొడవు, ఒకే స్వరం, ఒకే లోహం అయినప్పుడు చదరపు మిల్లీమీటరుపై పడే ఒత్తిడి సన్నతీగెలోను, లావుతీగెలోను సమానమే. తెగే హద్దును నిర్ణయించేది మందం కాదు, లోహపు బలం. పందొమ్మిదవ శతాబ్దంలో పియానోల కోసం తయారైన మేలిరకపు ఉక్కు తీగెయే నేటి గిటారు తీగెకు కూడ ప్రాణం.

ఇక మంద్రస్వరాల సంగతి. గిటారులో ఆరవ తీగె మొదటిదానికంటె రెండు స్థాయిలు దిగువన పలుకుతుంది. బిగువు మారకూడదంటే దాని బరువు పదహారింతలు, మందం నాలుగింతలు ఉండవలెను. అంత మందమైన ఉక్కు తీగె కడ్డీవలె బిరుసుగా ఉంటుంది. అప్పుడు దాని అనుస్వరాలు మూలస్వరానికి రెండింతలు, మూడింతలుగా కచ్చితంగా నిలువక కొంచెము హెచ్చుతాయి, నాదం కలుషితమవుతుంది. పదిహేడవ శతాబ్దం మధ్యకాలంలో ఐరోపా పనివారు దీనికి ఉపాయం కనిపెట్టినారు. సన్నని నరపు తీగెపై లోహపు తీగెను దగ్గరదగ్గరగా చుట్టినారు. బరువు పెరిగినది, బిరుసుతనం పెరగలేదు. నేటి చుట్టుడు తీగెలకు ఇదే మూలం.

విద్యుత్తు ప్రవేశించడంతో కథ మలుపు తిరిగినది. తీగచుట్ట చేరువలో అయస్కాంత క్షేత్రం మారితే విద్యుత్తు పుట్టునని ఫారడే 1831లో చూపినాడు. సరిగా నూరేండ్ల తరువాత, 1931లో, అమెరికాలోని లాస్ ఏంజిలీస్ నగరంలో జార్జి బోషాంప్ ఆ సూత్రాన్ని గిటారుకు అన్వయించినాడు. ఉక్కు తీగెల దగ్గర అయస్కాంతాన్ని, తీగచుట్టను అమర్చినాడు. తీగె కదిలినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది. చుట్టలో చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. వర్ధకం దానిని పెద్దది చేసి ధ్వనిపెట్టెకు పంపుతుంది. ఈ పద్ధతిలో నరపు తీగె, నైలాను తీగె మూగవోతాయి. కంచు చుట్టిన తీగెలో లోపలి ఉక్కు మాత్రమే పనిచేస్తుంది గనుక నాదం పలచబడుతుంది. అందుచేత విద్యుత్ గిటారు తీగెలకు ఉక్కుపై నికెలు పూత పూసిన చుట్టునో, శుద్ధ నికెలునో, తుప్పు పట్టని ఉక్కునో వాడుతారు. శుద్ధ నికెలు నాదం మెత్తనిది. తుప్పు పట్టని ఉక్కు నాదం పదునైనది, కాని అది గట్టిది కాబట్టి మెట్లను త్వరగా అరగదీస్తుంది. నికెలు పూత ఈ రెండింటికీ నడిమి మార్గం.

అయితే విద్యుత్తు తెచ్చిన అసలు మార్పు మరొకటి ఉన్నది. అంతవరకు తీగె రెండు పనులు చేయవలసి వచ్చేది: స్వరం పలకడం, చెక్కపెట్టెను కదిలించి నలుగురికి వినిపించడం. రెండవ పనికి బరువైన తీగెలు కావలెను. వర్ధకం వచ్చిన తరువాత ఆ రెండవ పని తీగెకు తప్పినది. ఇక సన్నని తీగెలు వేసుకొనవచ్చును. 1960 దశకం ఆరంభంలో కాలిఫోర్నియాకు చెందిన ఎర్నీ బాల్, నేర్చుకొనేవారు గట్టి తీగెలతో పడే అవస్థ చూచి, తేలికపాటి తీగెల జతలను విక్రయించడం ప్రారంభించినాడు.

ఇప్పుడు పాలకొల్లుకు వద్దాము. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో అక్కడ జన్మించినారు. చిన్ననాడే తండ్రిగారి మాండలిన్‌ను చేతపట్టినారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు వాయించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో శ్రీనివాస్ తొలి కచేరీ జరిగినది. మాండలిన్ ఐరోపా వాద్యం. గమకమే ప్రాణమైన కర్ణాటక సంగీతానికి అది పనికివస్తుందా అన్న ప్రశ్న సహజమైనదే. మాండలిన్‌లో నాలుగు జతల తీగెలుంటాయి. జతలోని రెండూ ఒకే స్వరానికి కలుపుతారు. ధ్వని పెద్దదగుటకు ఆ ఏర్పాటు తోడ్పడుతుంది. కాని జంట తీగెలను ఒకే వ్రేలితో పక్కకు లాగితే రెండూ సరిసమానంగా సాగవు. ఒకటి 440, మరొకటి 442 కంపనాలకు చేరినదనుకొనండి. సెకనుకు రెండుమార్లు ధ్వని ఎగసి పడుతుంది. దీనినే విస్పందనలు అంటారు. సూక్ష్మమైన గమకం ఆ అలలలో మునిగిపోతుంది. పైగా వ్రేలికి శ్రమ రెండింతలు.

శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌ను స్వీకరించి, నాలుగు జతలకు బదులు ఐదు ఒంటి తీగెలు అమర్చుకొన్నారు. ధ్వనిని పెంచే భారం వర్ధకానిది కాబట్టి జంట అవసరం లేకపోయినది. ఒంటి తీగె వ్రేలికి లొంగినది. జారుడు, కంపితము స్పష్టంగా పలికినవి. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించినది. గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ బృందంలోను ఆయన వాయించినారు. ఆ మెక్‌లాఫ్లినే 1970 దశకంలో తన 'శక్తి' బృందం కోసం మెట్ల మధ్య చెక్కను గుల్లగా చెక్కిన గిటారును వాడినాడు. వీణ తీగెవలె గిటారు తీగెను లాగడానికి అది సాయపడినది. తూర్పు, పడమర ఒకే సమస్యను రెండు దారులలో పరిష్కరించుకొన్నవి. 2014లో 45 ఏండ్ల వయసులో శ్రీనివాస్ మరణించినారు.

వ్రేలికి లొంగే తీగె మరికొన్నింటికి కూడ లొంగుతుంది. శ్రుతి విషయంలో చిక్కు ఇక్కడనే ఉన్నది. మనం చెప్పుకొన్న మొదటి తీగెను అర్ధస్వరం పెంచాలంటే బిగువు 12 శాతం పెరగవలెను. దానికి తీగె 0.6 మిల్లీమీటరుకంటె తక్కువ సాగితే చాలును. లావు తీగెకూ సాగవలసినది అంతే, బలం మాత్రం ఎక్కువ కావలెను. గమకానికి ఇది వరమే; కాని బిరడాపై చుట్లు అంతమాత్రమే జారినా శ్రుతి అర్ధస్వరం పడిపోతుంది. కొత్త తీగె నిలకడగా ఉండకపోవడానికి ముఖ్యకారణం ఇదే. చుట్లు తక్కువగా, వరుసగా, ఒకదానిపై ఒకటి ఎక్కకుండా చుట్టి, తీగెను మెల్లగా లాగి సర్దుబాటు చేసి, మరల శ్రుతి చేయవలెను. వేడిమి కూడ లెక్కలోనిదే. గిటారు చెక్క మారదనుకొంటే, 10 సెంటీగ్రేడు డిగ్రీల వేడికి మొదటి తీగె స్వరం సెకనుకు సుమారు మూడు కంపనాలు తగ్గుతుంది. చల్లబరచిన ముద్రణశాలలో కలిపిన శ్రుతి, దీపాల వేడిలోని వేదికపై నిలవకపోవడంలో వింత లేదు.

మన్నికకు శత్రువులు చెమటలోని ఉప్పు, గాలిలోని తేమ. తుప్పు పట్టినచోట తీగె బలహీనపడుతుంది. చుట్ల సందులలో మురికి చేరితే బరువు అంతటా సమానంగా ఉండదు. అనుస్వరాలు చెడి, శ్రుతి కలిపినా కలిసినట్లు ఉండదు. 1990 దశకంలో సన్నని ప్లాస్టిక్ పొర గల తీగెలు వచ్చినవి. అవి ఎక్కువకాలం మన్నుతాయి. కాని పొర తీగె కదలికను కొంత అణచగలదు గనుక తీవ్రమైన అనుస్వరాల మెరుపు కొంచెము తగ్గవచ్చును. వెల కూడ హెచ్చు. పొర లేని తీగెను వాయించిన వెంటనే పొడిగుడ్డతో తుడుచుకొంటే దాని ఆయువు పెరుగుతుంది.

కాబట్టి 'మంచి తీగె ఏది?' అనే ప్రశ్నకు ముందు 'దేనికి?' అని అడగవలెను. గమకానికి, సులువుగా లాగడానికి సన్ననిది. గట్టిగా మీటినా నిలకడ కావలెనంటే కొంచెము లావుది. పదునైన నాదానికి ఉక్కు. మెత్తని నాదానికి నికెలు. ఉపాధ్యాయులు సోనోమీటరుపై 'తొమ్మిది', 'పది' తీగెలను ఒకే పొడవున, ఒకే స్వరానికి తెచ్చి, వేలాడదీసిన బరువులను విద్యార్థులచేత పోల్చి చూపింపవచ్చును. బరువుల నిష్పత్తి 81కి 100గా వస్తే మెర్సెన్ నియమం వారి కళ్ళయెదుటనే రుజువైనట్లు.