శిశుక్రీడాగేయాలు: పాఠం – అంగచలనం

పసిపిల్లల దేహచలనాన్ని విద్యలో అంతర్భాగంగా నిలిపినవారిలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ముఖ్యుడు. 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో ఆయన నెలకొల్పిన క్రీడాసంస్థ 1840లో ‘కిండర్‌గార్టెన్’ అనే పేరు పొందింది. 1844లో వెలువరించిన తల్లిపాటల సంపుటిలో ఆయన గేయాలకు చిత్రాలను, స్వరాలను, చేతి కదలికల సూచనలను జతపరిచాడు. నాస్తికతను బోధిస్తున్నాయన్న ఆరోపణతో ప్రష్యా ప్రభుత్వం 1851లో ఈ బడులను నిషేధించింది. ఆ మరుసటి ఏడు ఫ్రోబెల్ మరణించాడు. నిషేధం 1860లో తొలగింది. గేయాన్ని కదలికతో కలిపి నమోదు చేసిన ఆయన పద్ధతి మాత్రం నిలిచింది.

ఈ పద్ధతి తెలుగు పరిశోధకులకు ఒక ప్రమాణం. తారంగం కూర్చోనేర్చిన బిడ్డ చేతులాడించే పాట. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప కాస్త ఎదిగిన పిల్లలవి: మొదటిది ఎదురెదురుగా అరచేతులు చరిచేది, రెండవది చేతులు పెనవేసి గిరగిర తిరిగేది. కురుచపాదాలు, పదాల పునరుక్తి ఆ చరుపుకు, ఆ భ్రమణానికి అనుగుణంగా అమరినవే. కనుక పాఠాన్ని మాత్రమే ముద్రిస్తే గేయం సగమే మిగులుతుంది.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 180 నిమిషాల శారీరక చలనం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మన గేయాలు ఆ చలనానికి సాధనాలు కావాలంటే, వాటిని ఆడినవారు ఉండగానే పాఠంతోపాటు అంగచలనాన్నీ నమోదు చేయాలి.