గొట్టం చూపు, కంటి చూపు



పావగడ అనగానే కొండ మీది కోట గుర్తుకు వస్తుంది. మూడు వైపులా ఆంధ్ర సరిహద్దు ఉన్న ఈ సీమను ఒకప్పుడు పాళెగాళ్ళు ఏలారు. తరువాత ఇది హైదర్ అలీ, టిప్పు సుల్తానుల మైసూరు రాజ్యంలో కలిసింది. కొండకోటల మీద పోరాడే సేనలకు ఫిరంగులే పెద్ద బలం. ఆ ఫిరంగికి గురి ఎలా కుదిర్చేవారు? ఆనాటి పద్ధతికీ, ఈనాటి రైఫిలుకూ ఉన్న చుట్టరికాన్ని ఈ పూట మనవి చేస్తాను.

ఫిరంగి వెనక లావుగా, మూతి వైపు సన్నగా ఉంటుంది. మందు పేలేది వెనక భాగంలో కనుక అక్కడ లోహం దళసరిగా పోస్తారు. లోపలి రంధ్రం మాత్రం తిన్నగా ఉంటుంది. అందువల్ల ఫిరంగి వీపు మీదుగా చూసి గురి పెడితే, కంటికి అంతా సరిగానే తోస్తుంది గాని, గొట్టం మూతి కాస్త పైకెత్తి ఉంటుంది. దగ్గరి గురి అయితే గుండు దాని పైనుంచి పోతుంది. దీనికి యూరపు గోలందాజులు ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు చివరల లావుల తేడాలో సగం ఎత్తున్న చిన్న ముక్కను మూతి మీద నిలిపేవారు. వెనక అంచు నుంచి ఆ ముక్క కొనను చూస్తే, కంటి చూపు రంధ్రానికి సమాంతరమయ్యేది.

అయినా ఆ గొట్టాలు లోపల నున్నగా ఉండేవి. దూరం పెరిగితే గురి చెదిరేది. 1791 అక్టోబరులో నందిదుర్గం పట్టుకున్న ఇంగ్లీషు సేన, ఎంతో కష్టపడి ఫిరంగులను కొండవాలు మీదికి లాక్కుపోయి గోడకు గండి కొట్టింది. తరువాత గొట్టం లోపల మెలికల గాళ్ళు తీసిన రైఫిళ్ళు సేనల్లో విరివిగా వాడుకలోకి వచ్చాయి. 1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసిన తూటాలు 1853 నమూనా ఎన్‌ఫీల్డు రైఫిలువే. తూటా దూరం పోయేకొద్దీ గురి సాధనాలూ పెరిగాయి. చివరకు గొట్టం మీద దుర్భిణి వచ్చి కూర్చుంది.

దుర్భిణి గొట్టానికి సుమారు అంగుళమున్నర ఎత్తున ఉంటుంది. అంటే మళ్ళీ పాత చిక్కే. అందుకే రేంజికి పోయేముందు రెండు చూపులనూ కలుపుతారు. ముందుగా తుపాకిలో తూటా లేదని కంటితోనూ వేలితోనూ చూసుకోవాలి. బోల్టు తీసి, రైఫిలును ఇసుక సంచుల మీద కదలకుండా ఆనించాలి. వెనక నుంచి గొట్టంలోకి చూసి, 25 గజాల దూరంలోని గురిచుక్కను రంధ్రం నడిమికి తెచ్చుకోవాలి. తరువాత రైఫిలు కదలకుండా, దుర్భిణి మరలు తిప్పి అందులోని అడ్డగీత, నిలువుగీత కలిసే చోటును అదే చుక్క మీదికి తేవాలి. సాధారణంగా మర ఒక్క టిక్కుకు 100 గజాల వద్ద పావు అంగుళం జరుగుతుంది. 25 గజాల వద్దనైతే అందులో నాలుగో వంతే. కనుక అక్కడ అంగుళం జరగాలంటే 16 టిక్కులు తిప్పాలి.

ఇంతటితో గురి పూర్తిగా కుదిరినట్టు కాదు. తూటా భూమ్యాకర్షణకు లోబడి కిందికి వంగుతుంది. గొట్టంలోంచి చూసే చూపు వంగదు. మొదటి తూటా కాగితం మీద పడేటట్టు చేయడమే దీని పని. మిగతాది రేంజిలో మూడేసి తూటాలు కాల్చి సరిచేసుకోవలసిందే.

మొదటి తూటా కాగితం దాటితే ఏమవుతుంది? ఎన్‌సీసీ పిల్లలు కాల్చే చిన్న .22 తూటా కూడా మైలుకు పైగా పోగలదు. మన కొండల చాటున మేకల కాపరి ఉండవచ్చు, వేరుశనగ చేలో కూలీలు ఉండవచ్చు. రేంజి వెనక మట్టికట్ట కట్టేది ఈ భయం వల్లనే. కాల్చిన తరువాత తూటాను వెనక్కు పిలవలేము. దాని దారి ఏదో కాల్చకముందే తెలుసుకోవాలి. ఆనాడు ఫిరంగి మూతి మీద చిన్న ముక్కను నిలిపిన గోలందాజు చేసిందీ అదే.