సార్వత్రిక కీలు

మోటారు వాహన చరిత్రలో ఇంజనుకు దక్కిన కీర్తి, దాని శక్తిని చక్రములకు చేర్చు కీలుకు దక్కలేదు. నాలుగు చక్రముల శక్తితో నడచు జీపు అడుగున చూడుడు. ముందు ఇరుసుకొకటి, వెనుక ఇరుసుకొకటి తిరుగు షాఫ్టులు గలవు. వాని కొనల యందున్న శిలువ ఆకారపు కీలే యూనివర్సల్ జాయింటు. గతుకులలో ఇరుసు ఎగిరిపడినను షాఫ్టు తిరుగుట ఆగదు.

ఐరోపాలో దీనికి ఇటలీ పండితుడు కార్డానో (1501–1576) పేరు నిలిచినది. ఇంగ్లండులో రాబర్ట్ హుక్ 1676లో దీనిని వర్ణించినాడు. వంగిన కీలు గుండా పోవు భ్రమణము సమముగా నుండదు. ఒక్క చుట్టులో రెండుమార్లు వేగము హెచ్చి తగ్గును. ఇరువైపుల వంపులు సమానమై, షాఫ్టు రెండు కొనల ఫోర్కులు ఒకే వరుసలో నున్నచో ఒక కీలు దోషమును రెండవది సరిదిద్దును. ఈ ఉపాయమును సూచించినవాడును హుక్కే.

తొలినాటి మోటార్లలో పెక్కింటికి సైకిలువలె గొలుసులే ఆధారము. 1903లో అమెరికాలో క్లారెన్స్ స్పైసర్ పేటెంటు పొందిన పిమ్మట ఈ కీలు కార్లలో వ్యాపించినది.

కీలులోని సూది బేరింగులకు గ్రీజు కరవైనచో బండి కదలునపుడు టక్కుమను చప్పుడు వినవచ్చును. అపుడు శిలువను, బేరింగులను కలిపి మార్చవలెను. షాఫ్టు విప్పుటకు ముందే జారుడు అతుకునకు ఇరువైపుల గుర్తు పెట్టవలెను. ఒక్క పన్ను తప్పి బిగించినచో, కీలు క్రొత్తదైనను బండి వణకును. మూడు శతాబ్దములకు పైగా క్రితము హుక్ కనుగొన్న దోషమే తిరిగి వచ్చును.