బాట లేని నేలకు కొలత

దక్షిణ తెలంగాణపు పల్లెలలో "ఆ ఊరు ఎంత దూర"మని వృద్ధుల నడిగినచో, కూతవేటనియో, కోసెడనియో, ఆమడ దూరమనియో చెప్పుట మొన్నమొన్నటి వరకు వినవచ్చెడిది. ఈ మాటలను వట్టి ఉజ్జాయింపులని త్రోసివేయుట తగదు. కోసునకు మూలమైన "క్రోశ" శబ్దమునకు కేక అని అర్థము. నాలుగు కోసులు ఒక ఆమడ. అది ఇంచుమించు ఎనిమిది మైళ్లు. మనిషి గొంతు, మనిషి కాలు, ఇవియే మన తొలి కొలబద్దలు.

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నేల సమతలము కాదు. రాచకొండ, దేవరకొండ గుట్టలు, డిండి, మూసీ వాగువంకలు, దక్షిణమున కృష్ణ వరకు వ్యాపించిన నల్లమల, అమ్రాబాదు పీఠభూమి, వీటి నడుమ కాలిబాట తిన్నగా సాగదు. కావున రెండు ఊళ్లకు నడుమ దూరము ఒకటే యైనను, దారి యొకటి కాదు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పదునేడవ శతాబ్దమున గోల్కొండనుండి మచిలీపట్నమునకు తిన్నని మార్గమున నూరు కోసులనియు, కొల్లూరు వజ్రపు గనుల మీదుగా పోయినచో నూటపండ్రెండనియు వ్రాసెను. ఈ లెక్కలు దారి నడచినవారివే.

ఇట్టి దారుల పొడవు అందరికంటె బాగుగ ఎరిగినవాడు హర్కారా. తపాలా సంచి భుజమున వేసికొని, చేత బల్లెము, దానికి గజ్జెలు కట్టుకొని, మజిలీనుండి మజిలీకి పరుగెత్తెడివాడు. ఒక మనిషి పరుగున మోసికొని పోగల దూరమే మజిలీకి ప్రమాణము. ఏ వాగు దాటుటకు ఎంత పొద్దు పట్టునో, ఏ గుట్ట ఎక్కునప్పుడు పరుగు నడకయగునో అతని కాళ్లకు తెలియును. అయితే ఆ జ్ఞానము కాగితమున కెక్కలేదు.

కాగితమున కెక్కించుటకు చక్రము వచ్చెను. స్థానిక చరిత్రల సేకరణకై మనమెరిగిన కాలిన్ మెకంజీ 1792 తరువాత నిజాము రాజ్యమున సర్వే పనికి నియుక్తుడయ్యెను; 1815లో భారతదేశమునకు తొలి సర్వేయరు జనరల్ అయ్యెను. ఆనాటి దారి సర్వేలకు ముఖ్యసాధనము పెరాంబులేటరు. ఒక మనిషి పిడి పట్టుకొని త్రోయు చక్రమిది. సాధారణముగా దీని చుట్టుకొలత ఎనిమిదింబావు అడుగులు. 640 చుట్లు తిరిగినచో ఒక మైలు. చదునైన బాటపై ఇది నమ్మదగినదే. కాని ఇసుకలో తిరుగక జారును, రాళ్లపై ఎగిరిపడును, వాగు గట్టు దిగి ఎక్కిన వాలును గూడ పొడవులో కలిపివేయును.

ఈ చిక్కు తప్పించుటకు విలియం లాంబ్టన్ నేలను విడిచి శిఖరముల నాశ్రయించెను. 1802 ఏప్రిల్‌లో మద్రాసు చెంత పరంగికొండ సమీపమున ఏడున్నర మైళ్ల ఆధారరేఖను గొలుసుతో కొలిపించెను. త్రిభుజమున ఒక భుజము, కోణములు తెలిసినచో తక్కిన భుజములు లెక్కకు వచ్చును. అర టన్ను బరువుగల థియొడొలైటును కొండల కెక్కించి, త్రిభుజములను గొలుసువలె అల్లుచు ఉత్తరమునకు సాగిరి. 1818 చివర జార్జి ఎవరెస్టు హైదరాబాదున లాంబ్టన్‌కు సహాయకుడై చేరెను. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతకు పోయి విషజ్వరము పాలయ్యెను. చూపు శిఖరమునుండి శిఖరమునకు తిన్నగా పోవును. ఆ శిఖరమును చేరుటకు మాత్రము అడవిదారిన కాలు నడువక తప్పదు.

నేడు కొండదారులలో పరుగెత్తు యువకుల ముంజేతి గడియారము ఉపగ్రహములను బట్టి దూరము చెప్పుచున్నది. అది క్షణక్షణమున స్థానము గుర్తించి, ఆ బిందువులను సరళరేఖలతో కలుపును. బిందువులు ఎడమైనచో మెలికలు తెగిపోయి దారి తక్కువగును. చైత్ర పౌర్ణమికి యాత్రికులు దిగు సలేశ్వరము వంటి లోయలలో, బండలకు తగిలి తిరిగిన సంకేతముల వలన లేని నడక గూడ చేరవచ్చును. మారథాను పందెమునకు 42.195 కిలోమీటర్ల బాటను సరిచూచిన సైకిలుతో కొలుతురు. దారి తగ్గరాదని కిలోమీటరునకు ఒక మీటరు అదనముగా కలుపుదురు. గట్టి రహదారికి తగిన ఆ పద్ధతి రాళ్లబాటకు పనికిరాదు.

ఇది పరుగుపందెములతో ముగియు విషయము కాదు. 2009 విద్యాహక్కు చట్టపు నమూనా నియమములు అయిదవ తరగతి వరకు బడి ఒక కిలోమీటరు నడకదూరమున ఉండవలెననినవి. దుర్గమ ప్రాంతములలో ఆ హద్దు తగ్గించవలెననియు చెప్పినవి. పటముపై గీత గీసి చూచినచో నల్లమల చెంచుపెంటకు బడి కిలోమీటరు లోపలనే కనిపింపవచ్చును. నడుమ వాగున్నచో ఆ బిడ్డ నడక రెట్టింపగును. ఆసుపత్రికైనను, రేషను దుకాణమునకైనను ఇదే న్యాయము.

చక్రము దారిని కొలిచినది, త్రిభుజము దేశమును కొలిచినది, రెండును అవసరమే. కాని బాట లేనిచోట దూరమును నిర్ణయించునపుడు, ఆ దారిన దినదినము నడచువానిని అడిగి, అతని వెంట ఒకమారు నడచి, ఆ లెక్కను గూడ పటము ప్రక్కన వ్రాసికొనుట అధికారులకు ధర్మము.