సంతకం లేని కథకుడు

1947 జులైలో మద్రాసు నుంచి మొదలైన ‘చందమామ’ చదవని వాళ్లు మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడుల్లో తక్కువ. అందులో మాంత్రికులు, వింతజంతువులు, పాడుబడ్డ కోటలు ఉండే రంగుల సీరియళ్లు గుర్తున్నాయి కదా? వాటిని రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యం గారు.

గుంటూరు జిల్లాలో పుట్టిన ఆయన 1952లో చందమామలో చేరి, కొడవటిగంటి కుటుంబరావు గారితో కలిసి పనిచేశారు. 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటివి వరుసగా రాశారు. ప్రతి నెలా కథ ఆపదలో ఆగేది. మళ్లీ సంచిక వచ్చేదాకా మనకు నిద్ర పట్టేది కాదు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి సవరల బిడ్డ. నల్లమల అంచున పెరిగిన మనకు అడవి మనిషి వీరుడు కావడం ఎంత సంతోషం! కోట అంటే మన కళ్లముందు గద్వాల కోటే నిలిచేది.

బొమ్మల కింద ‘చిత్రా’ గారి సంతకం ఉండేది. కథకుడి పేరు మాత్రం ఉండేది కాదు. మా ఇంజనీర్ల డ్రాయింగులో గీసినవారి పేరు, సరిచూసినవారి పేరు ఓ మూల తప్పకుండా ఉంటాయి. లక్షల మందికి చదివే అలవాటు నేర్పిన మనిషికి ఆ మూల కూడా దక్కలేదు.

2010లో ఆయన కన్నుమూశారు. అభిమానుల పుణ్యమా అని ఆ సీరియళ్లు ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. ఈ స్వర్ణోత్సవ వేళ ఆ పుస్తకాలను మన బడి లైబ్రరీకి ఇద్దాం. మన పిల్లలు కథతో పాటు కథకుడి పేరూ తెలుసుకుంటారు.